ఫెరారీకి రేటు కట్టుడు ఎట్ల? లిమిటెడ్ ఎడిషన్ ఇటలీ కార్ల లెక్క, మనోళ్ల కోసం

లిమిటెడ్ ఎడిషన్ ఇటలీ కారు అనంగనే మన దగ్గర ముందుగాల వచ్చే ప్రశ్నలు రెండే, ఎంత స్పీడ్ పోతది, ఎన్ని కోట్లు. ఏండ్ల సంది ఇవి కొనేటోళ్లు అమ్మేటోళ్లు మాత్రం ముందు వేరే మూడు ముచ్చట్లు అడుగుతరు. ఈ కారు ఎందుకు తక్కువ చేసిండ్రు? ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎట్లుండెనో ఇప్పుడు గట్లనే ఉన్నదా? మొదటి ఓనర్ నుంచి ఇయ్యాల్టిదాక కాయితాలు ఎక్కడా తెగకుంట ఉన్నయా? ఈ మూడింటికి జవాబు దొరికిందంటే రేటు చాలా వరకు తేలినట్టే, దొరకకపోతే కారు ఎంత మెరిసినా పక్కకు పెట్టుడే మంచిది.

హనుమకొండల కూసొని ఇదంత ఎందుకు నేర్చుకోవాలె అంటరా, మన వరంగల్, జనగామ, కరీంనగర్ దిక్కు దాదాపు ఇంటికొకరు బయట దేశంల ఉన్నరు, డాలస్‌ల ఒకరు, న్యూజెర్సీల ఒకరు, దుబాయ్‌ల ఒకరు. మంచిగ సెటిలైనోళ్లల్ల కొందరు ప్లాట్లు, విల్లాలతోని పాటు ఇసొంటి కార్ల మీద కూడ పైసలు పెడ్తున్నరు, పెట్టే ముందు ఇంట్ల కార్ల పిచ్చి ఉన్న తమ్ముడికో బామ్మర్దికో ఫోన్ చేసి "అరేయ్, దీనికి ఎంత పెట్టొచ్చురా" అని అడుగుతరు. నాకు ఈ పని గట్లనే అలవాటైంది. కారును కండ్ల చూడకముందే సగం పని అయితది, ఆ సగం మొత్తం ల్యాప్‌టాప్ ముందట కూసొని చేసేదే, మిగిలిన సగానికి అక్కడి ఊర్లె ఒక మంచి మెకానిక్ కావాలె. ఇక్కడ నేను ఎక్కువ చెప్పేది ఆ మొదటి సగం గురించి.

ముందు తేల్చుకోవాల్సింది: ఎందుకు తక్కువ చేసిండ్రు

లిమిటెడ్ అని రాసున్నయన్నీ ఒక్క తీరు కావు. నా లెక్కల నాలుగు రకాలు ఉన్నయి.

అన్నిటికంటె గట్టియి రేసు రూల్ కోసం పుట్టినయి. ఫలానా రేసుల దిగాలంటె రోడ్డు మీద తిరిగే కార్లు ఇన్ని చేయాలె అని రూల్ ఉంటది, దాన్ని హోమోలోగేషన్ అంటరు. ఫెరారీ 288 జీటీఓ గట్ల వచ్చిందే, గ్రూప్ బి రేసులకు 200 కార్లు కావాలె, 1984 నుంచి మొత్తం 272 చేసిండ్రు, ఇంతల 1986 సీజన్ తోని గ్రూప్ బి బంద్ అయింది, ఆ కారు దిగాల్సిన రేసే లేకుంట పోయింది. అయినా దాన్ని కొనేటోళ్లు ఇయ్యాల కూడ లైన్‌ల ఉంటరు. మాసరాటి ఎంసీ12 కూడ అదే జాతి, 2004, 2005ల కలిపి 50 రోడ్డు కార్లు, పైన బాడీ మాసరాటిది, లోపల ఎముక, గుండె రెండూ ఎంజో ఫెరారీ అనే కారు నుంచి వచ్చినయే. ఇగ 250 జీటీఓ గురించి చెప్పాల్సిన పని లేదు, 1962 నుంచి 1964 దాక చేసినయి 36, ఆర్ఎం సోథెబీస్ అనే కంపెనీ వేలం పాటల 2018ల ఒకటి 4.84 కోట్ల డాలర్లకు పోయింది, 2023ల న్యూయార్క్‌ల ఇంకొకటి 5.17 కోట్ల డాలర్లకు పోయింది, రూపాయలల్ల మీరే లెక్క చేసుకోండి.

రెండో రకం, కంపెనీ తన దగ్గర ఉన్న విద్యంత ఒక్క కారుల పెట్టి చూపెట్టేది. ఫెరారీల ఎఫ్40, ఎఫ్50, ఎంజో, లాఫెరారీ, 2024ల చెప్పిన ఎఫ్80 ఈ వరుస. మూడో రకం మామూలు మోడల్‌కే బరువు తగ్గించి, పవర్ పెంచి ఇన్నే చేస్తం అని చెప్పి అమ్మేది, 458 స్పెషాలె ఎ అని 499 కార్లు, 599 జీటీఓ అని 599 కార్లు, ఎఫ్12 టీడీఎఫ్ 799 కార్లు, లాంబోర్గిని అవెంటడోర్ ఎస్వీజే కూపే 900 కార్లు. ఇండ్ల మంచియి ఉన్నయి, కానీ ఒక్కొక్కటి సూసి తీస్కోవాలె. నాలుగో రకం రంగు మార్చి, సీటు కుట్టు మార్చి, లోపల ఒక చిన్న నంబర్ ప్లేట్ కొట్టి అమ్మేది. దాని మీద అదనంగ పెట్టిన పైసలు మల్ల అమ్మేటప్పుడు వస్తయని నేను ఎవ్వలికి చెప్పను, నచ్చితే కొనుక్కోండి, నడుపుకోండి, కలెక్షన్ అని మాత్రం అనుకోవద్దు.

ఇంక నంబర్ తక్కువుంటె రేటు ఎక్కువుంటది అనే లెక్క కూడ పక్కకు పెట్టుండ్రి. అల్ఫా రోమియో 8సీ కాంపెటిజియోనె 500 చేసిండ్రు, లాఫెరారీ 499 చేసిండ్రు, నంబర్ దాదాపు ఒక్కటే, రేటుల మాత్రం పది రెట్ల దాక తేడా. అల్ఫా కండ్లకు అంత అందమైన కారు, నాకైతె ఇప్పటికీ దాన్ని మించిన గీత ఈ పాతికేండ్లల్ల కనవడలేదు, కానీ కొనేటోళ్ల గుంపు చిన్నది. ఎఫ్40 మొదలు 400 చేద్దామనుకొని ఆఖరికి 1,300 పైన చేసిండ్రు, అయినా 20 లక్షల డాలర్ల పైననే పల్కుతది, ఎందుకంటె కంపెనీ పెట్టిన మనిషి ఎంజో ఫెరారీ బతికున్నప్పుడు ఆయన ఒప్పుకొని బయటికి పంపిన ఆఖరి కారు అది. తర్వాత వచ్చిన ఎఫ్50 349 మాత్రమే, దాన్ని అప్పట్ల చాలామంది పత్రికలోళ్లు చిన్నచూపు చూసిండ్రు, ఏండ్లు గడిచినంక రేటుల ఎఫ్40ని దాటేసింది. కంపెనీ చెప్పిన నంబర్, నిజంగ చేసిన నంబర్ ఒక్కటి కాకపోవచ్చు అని కూడ గుర్తుపెట్టుకోండి, లాంబోర్గిని మర్సియెలాగో ఎల్పీ670-4 ఎస్వీ 350 చేస్తమని చెప్పి 186 దగ్గర ఆపేసిండ్రు. ఒక కారు అనుకున్నదానికి మూడింతలైంది, ఇంకొకటి సగానికి వచ్చి ఆగింది. బ్రోచర్ల రాసింది చూసి రేటు కట్టేటోడు రెండు దిక్కులా దెబ్బ తింటడు.

నంబర్లు సదువుడు

ఫోటోలు చూసే ముందు చాసిస్ నంబర్ అడగుండ్రి. కొత్త కార్లకు 17 అక్షరాలుంటయి, ఫెరారీ అయితె జెడ్ఎఫ్ఎఫ్ తోని మొదలైతది, ఇప్పటి లాంబోర్గిని జెడ్‌హెచ్‌డబ్ల్యు, మాసరాటి జెడ్ఏఎం, అల్ఫా జెడ్ఏఆర్. ఇటలీ కాబట్టి అన్నిటికి ముందు జెడ్ ఉంటది. ఆ నంబర్ పెట్టి నెట్ల వెతికితె పాత పాటల లిస్టులు, పాత యాడ్లు, ఎక్కడెక్కడ కార్ల షోల నిలవెట్టిండ్రో ఆ ఫోటోలు బయటపడ్తయి. అమ్మేటోడు నంబర్ ఇయ్యనంటె ముచ్చట అక్కడనే ఆపేయాలె, నంబర్ దాచేటోనితోని బేరం వద్దు.

ఫెరారీకి చాసిస్ నంబర్ ఒక్కటే కాదు, ఇంజిన్ నంబర్, గేర్‌బాక్స్ నంబర్, అసెంబ్లీ నంబర్ అని వేరే వేరే ఉంటయి. ఇవన్నీ ఫ్యాక్టరీ రికార్డుతోని కలిస్తె మ్యాచింగ్ నంబర్స్ అంటరు. ఇంజిన్ మార్చిన కారు మంచిగనే నడవొచ్చు, రేటు మాత్రం మస్తు పడిపోతది. పాత కార్లల్ల ఇంకో డేంజర్ ఉన్నది, 250 జీటీఈ అనే నాలుగు సీట్ల పాత ఫెరారీలను కోసి వాటి మీద జీటీఓ బాడీలు ఎక్కిచ్చిన కార్లు లోకంల చాలా ఉన్నయి, మామూలు ఫెరారీ 308 మీద 288 జీటీఓ బాడీ పెట్టినయి కూడ ఉన్నయి. రెప్లికా అని చెప్పి అమ్మితె తప్పేం లేదు, చెప్పకుంట చేతులు మారినప్పుడే గోస.

ఫెరారీ ఫ్యాక్టరీ ఉన్న మ్యారనెల్లోల కంపెనీకి క్లాసికె అని ఒక డిపార్ట్‌మెంట్ ఉన్నది, అండ్ల 20 ఏండ్లు దాటిన కార్లు, లిమిటెడ్ కార్లు ఫ్యాక్టరీ రికార్డుతోని పోల్చి సర్టిఫికెట్ ఇస్తరు, ఎర్ర పుస్తకం లెక్క ఉంటది కాబట్టి బజార్ల అందరు రెడ్ బుక్ అంటరు. లాంబోర్గిని 2015ల పోలో స్టోరికో అని అదే పని మొదలుపెట్టింది. రెడ్ బుక్ ఉన్నంత మాత్రాన కారు కండిషన్ మంచిగున్నదని కాదు, పార్టులు అసలుయే అని మాత్రమే. సర్టిఫికెట్ వచ్చినంక ఎవడో సైలెన్సర్ మార్చొచ్చు, సీట్లు మార్చొచ్చు. సర్టిఫికెట్ తేదీ, అప్పటి ఫోటోలు, ఇప్పటి ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడుండ్రి.

కాయితాలంటె ఇది ఒక్కటే కాదు. కొత్తగ కొన్నప్పటి బిల్లు, సర్వీస్ బుక్, ప్రతి సర్వీస్‌కు మీటర్ రీడింగ్ ఉన్న బిల్లులు, టూల్ కిట్, ఓనర్ మాన్యువల్ పౌచ్, రెండు తాళాలు, కారు కవర్, లగేజ్ బ్యాగులు. టూల్ కిట్ లేకుంటె ఏమైతదిలే అనుకుంటరు మనోళ్లు, ఫెరారీ పాత టూల్ కిట్ విడిగ కొందామంటె వేల డాలర్లు అయితది, అందుకే లిస్టు దగ్గర పెట్టుకొని ఒక్కొక్కటి ఫోటో అడగాలె. బ్రిటన్‌ల తిరిగిన కారు అయితె అదృష్టం, వాళ్ల ఎంఓటీ టెస్టుల (ఏడాదికోసారి చేసే ఫిట్‌నెస్ టెస్టు) రికార్డు నంబర్ ప్లేట్ కొడితె ప్రభుత్వ సైట్‌ల ఫ్రీగ కనవడ్తది, ప్రతి ఏడు మీటర్ ఎంత తిరిగిందో అండ్లనే ఉంటది. పాత కార్లల్ల మీటర్ కేబుల్ పీకి తిప్పుడు పెద్ద పనేం కాదు, అందుకే మీటర్‌ను బిల్లులతోని కలిపి చూడాలె.

ఎవరి చేతుల ఉండెనో అది కూడ పైసలే. ఎంజో ఫెరారీ కార్లు 399 అని చెప్పి చేసిండ్రు, ఆ మీద ఇంకొకటి చేసి పోప్ జాన్ పాల్ 2కు ఇచ్చిండ్రు, 2004 డిసెంబర్ సునామీ వచ్చినంక బాధితుల కోసం దాన్ని 2005ల పాట పెట్టిండ్రు. పదేండ్ల తర్వాత 2015ల కాలిఫోర్నియా మాంటెరే పాటల అదే కారు 60.5 లక్షల డాలర్లకు పోయింది, అప్పట్ల మామూలు ఎంజోకు అంత రేటు ఎక్కడిది. మెకానికల్‌గ అది మిగిలిన ఎంజోల లెక్కనే, తేడా మొత్తం ఆ ఒక్క ఓనర్ పేరుల ఉన్నది. మన దేశంల అందరికి యాదికుండేది సచిన్ 360 మొడెన, 29 సెంచరీలతోని బ్రాడ్‌మన్‌ను అందుకున్నందుకు 2002ల రేసర్ షూమాకర్ చేతుల మీదుగ వచ్చింది, దాని మీద 1.13 కోట్ల సుంకం మాఫీ చేస్తె గొడవై కోర్టు దాక పోయి ఆఖరికి కారు ఇచ్చిన ఫియట్ కంపెనీనే కట్టింది. 360 మొడెన లిమిటెడ్ కారు కాదు, అసొంటియి వేలల్ల ఉన్నయి, కానీ ఆ ఒక్క కారుకు రేటు కట్టాల్నంటె మామూలు 360 లెక్క పనికిరాదు.

ఒక ఎఫ్40ని పట్టుకొని చూద్దాం

చెప్పుడు కంటె ఒక్క మోడల్ తీస్కొని లోపలికి పోతె మంచిగ అర్థమైతది. ఎఫ్40 ఎందుకంటె దాని గురించి దొరికినంత సమాచారం వేరే దేనికి దొరకదు, పాటలల్ల కూడ ఏడాదికి చాలాసార్లు వస్తది.

1987ల వచ్చింది, 2.9 లీటర్ల వీ8, రెండు టర్బోలు, 478 హార్స్‌పవర్. మొదటి మొదటి కార్లకు కిటికీ అద్దం ప్లాస్టిక్‌ది, పక్కకు జరిపేది, తర్వాత వచ్చినయాటికి కిందికి దిగే అద్దం. మొదటియాటికి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు, ఎత్తు మార్చే సస్పెన్షన్ కూడ లేదు, తర్వాత రెండూ వచ్చినయి. కలెక్టర్లు ఎక్కువ ఇష్టపడేది ఆ మొదటియే, నాన్ క్యాట్ నాన్ అడ్జస్ట్ అంటరు. అంటె సౌకర్యం తక్కువున్నదే ఎక్కువ రేటు పల్కుతది. ఇది తెల్వకుంట కిటికీ దిగుతుంది కదా అని ఎక్కువ పెట్టొద్దు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎఫ్40లు ఎరుపే, రోస్సో కోర్సా. పసుపుదో నల్లదో కనవడితె రంగు తర్వాత ఏసిండ్రని అర్థం. ఎరుపు కారుల కూడ ఒక గుర్తు ఉన్నది, బరువు తగ్గిచ్చేదానికి పెయింట్ సన్నగ కొట్టిండ్రు, కార్బన్ కెవ్లార్ నేత కింది నుంచి కనవడ్తది, చాప అల్లిక లెక్క. అది ఎక్కడన్న కనవడకుంటె అక్కడ మల్ల పెయింట్ పడ్డది. మన ఆటోనగర్ల డెంటింగ్ పెయింటింగ్ చూసేటోళ్ల దగ్గర ఉండే మందం చూసే మీటర్ ఇక్కడ పని చేయదు, అది ఇనుము, అల్యూమినియం మీదనే చెప్తది, కార్బన్ బాడీకి అల్ట్రాసోనిక్ మీటర్ వేరే కావాలె. ఈ ముచ్చట మెకానిక్‌తోని ముందే మాట్లాడుకోండి.

ఇంకో పెద్ద ఖర్చు పెట్రోల్ ట్యాంకులది. ఎఫ్40ల రేసు కారు లెక్క రబ్బర్ సంచులుంటయి, వాటికి పదేండ్ల దాకనే ఆయుష్షు, మార్చిన బిల్లు చూపెట్టమనాలె. టైమింగ్ బెల్టులు మూడు నుంచి ఐదేండ్లకు ఒకసారి మార్చాలె, కారు కిలోమీటరు తిరగకున్నా సరే, రబ్బర్ వయసుతోనే చచ్చిపోతది. అందుకే 2,000 కిలోమీటర్లే తిరిగింది అని మురిసిపోయే ముందు ఎన్నేండ్లు నిలవెట్టిండ్రో అడగాలె, నిలవడ్డ కారుకు సీళ్లు ఎండిపోతయి, హోజులు పలుగుతయి, కొన్నంక రెండు మూడు సీజన్లు షెడ్డుకే అంకితం. ఇంక 1990లు, 2000ల ఫెరారీల లోపల బటన్ల మీద ఒక రబ్బర్ పూత ఉంటది, అది ఎండకు కరిగి చేతికి జిగురు అంటుతది, చిన్నదిగ అనిపిస్తది కానీ అన్ని బటన్లు సరిజేయాలంటె ఖర్చే.

అసలుదనం ఎంతదాక

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉన్నది. కొత్తగ చేసి మెరిపిచ్చిన కారు కంటె చెయ్యి పెట్టని పాత కారు మేలు. జపాన్‌ల ఒక షెడ్డుల దాదాపు 40 ఏండ్లు దుమ్ము పట్టి ఉన్న ఫెరారీ 365 జీటీబీ/4, అదే డేటోనా అంటరు, 2017ల పాటకు వచ్చింది. రోడ్డు కారుల అల్యూమినియం బాడీతోని వచ్చిన డేటోనా అదొక్కటే. దుమ్ము కూడ తుడవకుంట నిలవెడితె 18 లక్షల యూరోల పైన పల్కింది. దాన్నే ఎవడన్న ముందుగాల తీస్కపోయి పుట్టీ పెట్టి పెయింట్ కొట్టి ఉంటె అంత మంది చేతులు లేపకపోతుండె, ఎందుకంటె ఒక్కసారి మార్చినంక అది మల్ల రాదు.

ఎనుమాముల మార్కెట్ల చపాటా మిర్చి బస్తాలు చూసినోళ్లకు ఇది తొందరగ అర్థమైతది, ఒక్క చేనుల పండినయే అయినా రంగు, తేమ, తాలు చూసి ఒక్కో లాట్‌కు ఒక్కో రేటు పెడ్తరు, చపాటా కదా అని అన్నిటికి ఒక్కటే పాట ఎవ్వలు పెట్టరు. 399 ఎంజోలు ఉన్నయంటె 399 రేట్లు ఉన్నట్టు.

గేర్ల గురించి ఒక్క మాట. మ్యాన్యువల్ గేర్, అండ్ల గేర్ రాడ్ కదిలే గాళ్లు కోసిన ఫెరారీ ఇనుప గేట్ ఉన్నదైతె రేటు ఎక్కడికో పోతది, 599 జీటీబీ ఫియొరానో మ్యాన్యువల్ 30 మాత్రమే చేసిండ్రు, ప్యాడిల్ గేర్ (స్టీరింగ్ ఎనక మీటలతోని మార్చేది) ఉన్న అదే కారుకు దానికి పోలికే లేదు. దీని కోసం ప్యాడిల్ కార్లను మ్యాన్యువల్‌గ మార్చే షెడ్లు ఇప్పుడు చాలా అయినయి. నడపనీకి అవి బాగుంటయి, కానీ ఫ్యాక్టరీ మ్యాన్యువల్ రేటు వాటికి పెట్టొద్దు, ఎప్పటికీ.

రేటు రాసుడు

ఇప్పుడు అసలు లెక్క. ఆర్ఎం సోథెబీస్, బోనమ్స్, గుడింగ్, ఆర్ట్‌క్యూరియల్, బ్రింగ్ ఎ ట్రైలర్, వీళ్ల పాత పాటల రేట్లు నెట్లనే దొరుకుతయి. అదే మోడల్, అదే వెర్షన్, గడిచిన ఏడాదిన్నర రెండేండ్లల్ల పోయినయన్నీ ఒక కాపీల రాసుకోండి. రాసేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఒకటి, కొన్నిచోట్ల కనవడే రేటు సుత్తె కొట్టిన రేటు, కొన్నిచోట్ల కొనేటోని కమీషన్ కలిపిన రేటు, పెద్ద పాటలల్ల కమీషన్ 10 శాతం దాటొచ్చు కాబట్టి అన్నిటిని ఒక్క తీరుగ చేసుకోవాలె. రెండు, ధర్మానికి పెట్టిన పాటలు తీసేయాలె. 2016ల ఇటలీ భూకంపం బాధితుల కోసం చేసిన 500వ లాఫెరారీ 70 లక్షల డాలర్లకు పోయింది, 2025 ఆగస్టుల ఫెరారీ డేటోనా ఎస్‌పీ3 (పైన చెప్పిన పాత డేటోనా కాదు) 599 కార్ల తర్వాత అదనంగ చేసిన ఒక్కటి 2.6 కోట్ల డాలర్లకు పోయింది, అవి మంచి పనికి ఇచ్చిన పైసలు, మార్కెట్ రేటు కాదు. మూడు, అమ్ముడుపోని కార్లు కూడ రాసుకోండి. ఎక్కడిదాక వచ్చి ఆగిందో అది చాలా ముఖ్యం, ఆ రోజు ఆ గదిల అంతకంటె ఎవ్వలు పెట్టలేదన్నట్టు.

ఇంక డాలర్, యూరో, పౌండ్ ఏదైనా పాట అయిన రోజు రేటుతోని ఒక్క కరెన్సీలకు మార్చుకోండి, ఇయ్యాల్టి రేటుతోని మార్చితె పాత పాటలు తప్పు చూపిస్తయి.

ఇట్ల రాసుకున్నదాంట్ల మధ్యల ఉన్న రేటు తీస్కొని, మీరు చూస్తున్న కారు తేడాలు దాని మీద పెట్టాలె. ఉదాహరణకు మధ్య రేటు 28 లక్షల డాలర్లు అనుకుందాం. మీ కారుకు రెడ్ బుక్ లేదు, ట్యాంకుల తేదీ అయిపోయింది, ముందు బంపర్ దగ్గర పెయింట్ పడ్డది. ట్యాంకులకు, బెల్టులకు షెడ్డోడు ఇచ్చే అసలు ఎస్టిమేట్ తీసేయాలె, ఇది సులువు, బిల్లు ఉంటది. పెయింట్‌కు, రెడ్ బుక్ లేనిదానికి బిల్లు ఉండదు, అక్కడ మాత్రం అసొంటి లోపాలున్న వేరే కార్లు ఎంతకు పోయినయో వెతికి దాన్నే పట్టుకోవాలె. దొరకకుంటె నేను ఎక్కువే తీసేస్త, ఎందుకంటె నేను అమ్మేటప్పుడు కొనేటోడు కూడ అదే చేస్తడు. ఆఖరికి ఒక్క అంకె కాకుంట ఇంతకు తక్కువైతె కొను, ఇంతకు మించితె వదిలెయ్ అని రెండు అంకెలు రాసి ఫోన్ చేసి అడిగిన బావకు పంపుడే.

రేట్లు ఎప్పుడు పైకే పోతయని అనుకునేటోళ్లు 1988 నుంచి 1992 దాక ఏమైందో చదవాలె. ఎంజో ఫెరారీ 1988 ఆగస్టు 14న పోయినంక ఫెరారీ రేట్లు పిచ్చిగ ఎక్కినయి, ఎఫ్40 కోసం లిస్టు ధర మీద ఎన్నో రెట్లు పెట్టి కొన్నరు, తర్వాత రెండు మూడేండ్లల్ల కుప్పకూలి అప్పు తెచ్చి కొన్నోళ్లు మునిగిపోయిండ్రు. అప్పు పెట్టి కొనే కారు ఇది కాదు. పిల్లల సదువు పైసలు ముట్టుకొని కొనేది అసలే కాదు.

ఇక్కడికి తెచ్చుడు సంగతి

చాలామంది అడిగేది, వరంగల్‌కు తెచ్చుకోవచ్చా అని. ఎఫ్40, ఎఫ్50, ఎంజో, లాఫెరారీ ఇవన్నీ ఫ్యాక్టరీ నుంచి ఎడమ స్టీరింగ్‌తోనే వచ్చినయి. మన దగ్గర వాడిన కారు దిగుమతికి కుడి స్టీరింగ్ ఉండాలె, మూడేండ్లకు మించొద్దు అని రూల్. అంటె ఆ వరుస మొత్తం మామూలు దారిల రాదు. కొత్తగ వచ్చే కుడి స్టీరింగ్ కార్లు కంపెనీ డీలర్ దగ్గర కొనొచ్చు, కానీ కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ, దాని మీద మన లైఫ్ ట్యాక్స్ కలిసేసరికి ఇటలీ ధరకు రెండింతలు దాటుతది, ఆ అదనపు పైసలు బయట మార్కెట్ల ఎవ్వలు లెక్కవెట్టరు. ఇక్కడ ఉండేటోళ్లు బయట కొనాలన్నా బయట దేశానికి పైసలు పంపే ఆర్బీఐ స్కీమ్ ఎల్ఆర్ఎస్ కింద ఒక్క మనిషి ఏడాదికి 2.5 లక్షల డాలర్లే పంపొచ్చు. అందుకే డాలస్‌ల ఉన్నోళ్ల కారు డాలస్‌లనే ఉండుడు మంచిది. అక్కడ ఇంకో ముచ్చట, అమెరికాల కొత్తగ అమ్మని కార్లు 25 ఏండ్లు నిండితె సులువుగ దిగుమతి చేసుకోవచ్చు, ఎంసీ12 అసొంటి 2004 కార్లకు ఆ గడువు 2029ల వస్తది, అప్పుడు కొనేటోళ్లు పెరుగుతరని నా అంచనా.

ఇండియాలనే ఉన్న పాత కార్లకు 2021 రూల్స్ ప్రకారం 50 ఏండ్లు దాటి అసలు రూపంల ఉంటె వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతది, నంబర్ల వీఏ అని వస్తది, కొత్తగ చేస్తె ఫీజు 20,000 రూపాయలు, కానీ రోజూ తిప్పుకోనీకి లేదు. ఇన్సూరెన్స్ తీస్కునేటప్పుడు ఐడీవీ, అంటె బీమా కంపెనీ కారుకు కట్టే విలువ, చూడుండ్రి, మామూలు పాలసీల ఐదేండ్లకు సగం తరుగుదల చూపిస్తరు, రేటు పెరిగే కారుకు అది పెద్ద నష్టం, ఐదేండ్లు దాటినయాటికి కంపెనీతోని మాట్లాడి విలువ ఒప్పిచ్చుకోవాలె, దానికి పైన చెప్పిన కాపీ, ఫోటోలు, బిల్లులే ఆధారం.

దాచుకునుడు కూడ ఇక్కడ వేరే లెక్క. మే నెల ఎండకు రబ్బర్, తోలు, డాష్‌బోర్డ్ జిగురు పోతయి, వానకాలం తేమ లోపల సర్క్యూట్లకు పడది, ఎలుకలు వైర్లు కొరుకుతయి. ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ పాత రబ్బర్ లైన్లకు మంచిది కాదు, తేమను గుంజుకుంటది, అది పోసి నెలల తరబడి నిలవెట్టొద్దు.

పెద్ద కార్లు అందనోళ్లు మోడళ్లతోని మొదలుపెట్టొచ్చు, ఇది నేను గౌరవంగనే చెప్తున్న, ఇదే విద్య అక్కడ కూడ పనికొస్తది. బురాగో 1974ల మిలాన్ దగ్గర మొదలైన కంపెనీ, 2005ల మూతపడి హాంకాంగ్ కంపెనీ చేతికి పోయింది, కాబట్టి 1:18 మోడల్ కింద మేడ్ ఇన్ ఇటలీ అని ఉంటె పాతది, మేడ్ ఇన్ చైనా అని ఉంటె తర్వాతది. డబ్బా ఉన్నదా, అద్దాలు, సైడ్ మిర్రర్లు విరగలేదా, పెయింట్ బుడగలు లేవా, ఇవన్నీ చూసుడు పెద్ద కారు చూసినట్టే. పెద్ద ఖర్చు పెట్టగల్గినోళ్లకు బీబీఆర్, ఎంఆర్ కలెక్షన్ అని ఇటలీల చేతితోని చేసే కంపెనీలు ఉన్నయి, నంబర్ వేసి కొన్నే చేస్తరు. పాత సేల్స్ బ్రోచర్లు కూడ మంచియి, పలుచగుంటయి, మడత పడకుంట దాచుకోవచ్చు.

చెయ్యి తిరగాలంటె పాటలు చూడాలె. పారిస్‌ల ఏడాది మొదట్ల ఒకటి, కాలిఫోర్నియా మాంటెరేల ఆగస్టుల పెద్దది, అక్కడ సాయంత్రం ఐదైతె మనకు తెల్లారి ఐదున్నర, చాయ్ పెట్టుకొని లైవ్ చూడొచ్చు. వారం ముందే క్యాటలాగ్ల మూడు నాలుగు కార్లు ఎంచుకొని, నంబర్లు వెతికి, కాయితాలు చదివి, కంపెనీ రాసిన ఎస్టిమేట్ చూడకుంట మీ రెండు అంకెలు రాసి పెట్టుకోండి. పాట అయినంక పక్కన అసలు రేటు రాయుండ్రి, తేడా ఎక్కువున్న కారుకు మల్ల ఒకసారి ఫోటోలన్నీ తీసి, మీరు చూడంది, కొన్నోడు చూసింది ఏందో పట్టుకోండి.